దిదిమలాంగ్ నాలుక

మొషుపా
మార్చి నెల, కోతలకి ముందు

నా తల్లీ సెగమెట్సీ,

ఎలా లేచావు? మేమిక్కడ బాగానే లేచాం. బాగానే అని రాశాను గానీ, అసలు నిద్రపడితే కదా లేవడానికి.

కంగారుపడకు. ఎవరికీ జబ్బు చెయ్యలేదు. ఒక మేక కుంటుతోంది, అది వేరే సంగతి. జొన్న మీద పిట్టలు వాలుతున్నాయి, అదీ వేరే సంగతి. ఈ ఉత్తరం నీ కూతురి గురించి.

దిదికి మూడేళ్ళు దాటాయి కదా. తింటోంది, పరిగెడుతోంది, కోడిని కాళ్ళు పట్టుకుని తల్లకిందులుగా మోసుకు తిరుగుతోంది. మాట్లాడుతోంది కూడా. పొద్దున్న నోరు తెరిస్తే చీకటి పడ్డాక గాని మూయదు. కానీ ఆ మాటలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. ఆవుని 'ఖొమో' అనాలంటే గొంతు అడుగునించి గీరుకు రావాలా వద్దా? ఇది ఉమ్మి మింగినంత సుళువుగా 'కొమో' అనేస్తుంది. సూర్యుణ్ణి 'లెత్సాత్సి' అనమంటే 'లెటాటి' అంటుంది. ఇక 'ర' అయితే దాని నోట్లో పుట్టనే లేదు.

మొన్న వాడ పెద్దాయన రచ్చ నుంచి వస్తూ మన గోడ దగ్గర ఆగాడు. దండం పెట్టవే అన్నాను. పాపం, మోకాళ్ళు వంచింది, రెండు చేతులూ చాపింది, అంతా నేను నేర్పినట్టే చేసింది. తీరా నోరు తెరిచి "దుమెలా ర్రా" అనాల్సిన చోట "దుమెలా ల్లా" అంది. ఆయన నవ్వి, "ఈ పిల్ల నన్ను అయ్యా అంటోందా, ఇంకేమైనా అంటోందా?" అన్నాడు. పక్కింటి మ్మా కెనోసి అక్కడే ఉంది. ఊరుకుంటుందా? "మా మనవడు ఫెన్యో అయితే పరలోక ప్రార్థన మొత్తం అప్పజెప్పేస్తాడు" అంది. ఎవరడిగారే ఆవిణ్ణి?

నాకో అనుమానం వస్తోంది. కోప్పడకు. చెడ్డపేరు చెడునే పిలుస్తుందని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఆ పిల్ల పుట్టినప్పుడు తండ్రి తరఫువాళ్ళెవరూ రాలేదని వాడంతా గుసగుసలాడితే, అందరి నోళ్ళూ మూయించాలని నువ్వు దానికి 'దిదిమలాంగ్' అని పెట్టావు. నోళ్ళు మూసుకోండి అని! ఇదేం పేరే అని నేనప్పుడే అన్నాను. వాడలో వాళ్ళ నోరు ఒక్కటీ మూతపడలేదు. పిల్ల నాలుక మాత్రం ముడిపడింది.

ఈస్టరుకి పాస్టరు గారు బాప్తిస్మాలిస్తారు. అప్పుడు వేరే పేరు పెడదాం. లొరాటో అని పెడదాం. ప్రేమ అని అర్థం వచ్చే పేరు, ఎవరి మీదా కోపం లేని పేరు. సరే అని రాయి.

అంబలి మానకు. పట్నంలో ఆ తెల్ల రొట్టె తిని బతక్కు.

మీ అమ్మ

*

గబరోనే
మార్చి చివర

అమ్మా,

నేను బాగానే లేచాను. రొట్టే తింటున్నాను, అంబలి కాయడానికి తీరికెక్కడిది? టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఈ నెలంతా నాకు పొద్దుటి డ్యూటీ.

పేరు మార్చను.

నేను పుట్టాక నిన్ను అందరూ నా తల్లిగా మ్మా సెగమెట్సి అన్నారు. నీ సొంత పేరు ఊళ్ళో సగం మందికి తెలీదు. అలాగే నేనిక్కడ మ్మా దిదిమలాంగ్‌ని. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా నా వీపు నిటారుగా నిలబడుతుంది. దాన్ని తీసేస్తే నేనెవర్ని?

అయినా అమ్మా, నువ్వు ఎంచిన పేరు లొరాటో. అందులో 'ర' ఉంది. తన పేరు తనే 'లొలాటో' అని చెప్పుకుంటుంది. అది బాగుంటుందా? దిది అయితే శుభ్రంగా పలుకుతుంది కదా.

వాడ పెద్దాయన నవ్వితే నవ్వాడులే. నవ్వితే ఆయనకి ఆయుష్షు పెరుగుతుంది.

కుంటే మేకకి గిట్టలో ముల్లుందేమో చూడు. ఈస్టరుకి వస్తాను.

సెగమెట్సి

*

మొషుపా
ఏప్రిల్

సెగమెట్సీ,

ఈస్టరుకి వస్తానన్నావు. రాలేదు. బస్సు ఆగే చోట దిదిని నిలబెట్టి చూశాను. డ్యూటీ మార్చారని షాపుకి ఫోన్ చేసి చెప్పావట, ఆ కబురు మాకు మర్నాడు గాని అందలేదు. తల్లి లేకుండా పాస్టరు గారు బాప్తిస్మం ఇవ్వనన్నారు. అది కూడా ఆగింది.

ముల్లు సంగతి నువ్వన్నదే నిజం. తీసేశాను.

పేరు వద్దన్నావు, సరే, నీ బిడ్డ, నీ ఇష్టం. కానీ పిల్లని నేను ఇప్పుడు దండం పెట్టడానికి గోడ దగ్గరికి పంపడం లేదు. ఎవరైనా వస్తే వెనక్కి, మేకల దొడ్డి వైపు పంపేస్తున్నాను. పిల్లలతో ఆటకీ పంపడం లేదు. ఎక్కిరిస్తారని. దానికి ఫలితం ఏమిటంటే, ఇప్పుడు వాడలో ఇంకో మాట పుట్టింది: మ్మా సెగమెట్సి మనవరాలికి పొగరు, పెద్దవాళ్ళకి దండం పెట్టదు అని. చూశావా? ఒక కంత మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది.

మ్మా కెనోసి నిన్న దిది నోరు తెరిపించి నాలుక పైకెత్తి చూసింది. నాలుక కింద తాడు బిగుసుకుపోయిందట. "దూడని గుంజకి పొట్టిగా కట్టేస్తే మేస్తుందా? ఇదీ అంతే. నాలుక పైకి లేవదు, 'ర' రాదు" అంది. వాళ్ళమ్మ ఎంతోమంది పిల్లలకి ఆ తాడు కోసిందట. కొత్త బ్లేడు, మరిగిన నీళ్ళు, ఉప్పు. కాస్త రక్తం, కాస్త ఏడుపు, అంతేనట. ఇలాగే వదిలేస్తే బళ్ళో పడ్డాక టీచరు ముందు నిలబడి ఏడుస్తుంది, అప్పుడు కోస్తే తాడు ముదిరిపోయి ఉంటుంది అంటోంది.

నాకేం తోచడం లేదు. నువ్వు చెప్పు.

మీ అమ్మ

*

గబరోనే
ఏప్రిల్ చివర

అమ్మా, వద్దు.

ఏం రాయాలో తెలియక ముందు ఆ ఒక్క ముక్కా రాశాను. వద్దు. మ్మా కెనోసి కోడిని కోసినా సరిగ్గా కొయ్యదు, నీకు తెలుసు.

నాలుక కింద తాడు అందరికీ ఉంటుంది. నాకూ ఉంది, ఇప్పుడే అద్దంలో చూసుకున్నాను. పక్క కుర్చీలో అమ్మాయి చూసి "నీకేమైంది, అద్దాన్ని వెక్కిరిస్తున్నావు?" అంది. చెప్పాను. వాళ్ళ చెల్లెలు కూడా చిన్నప్పుడు 'ర' పలికేది కాదట, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తులేదట. ఎవరూ గుర్తుపెట్టుకోలేదంటే దానంతటదే వచ్చిందనే కదా?

పిల్లని దాచకు. నేను దిదిని కడుపుతో ఉన్నప్పుడు నన్నూ ఆ మేకల దొడ్డి వెనకే కూర్చోబెట్టావు, గుర్తుందా?

సెగమెట్సి

*

మొషుపా
మే

సెగమెట్సీ,

చివరి ముక్క రాయకుండా ఉండాల్సింది. సరే, రాశావు. చదివాను.

నువ్వు అక్కడ కూర్చుని వద్దు అంటావు. ఇక్కడ రోజూ దాని మాట వినేది నేను. జనం నవ్వేది నా మొహం మీద. నేనెన్నాళ్ళుంటానో దేవుడికి తెలుసు. నేను పోతే ఆ పిల్ల ఏమంటోందో ఈ భూమ్మీద అర్థమయ్యేదెవరికి? చెప్పు. నీకా?

గబరోనే నించి ఒక పిల్ల వచ్చింది, సెతున్యా అట. ఏదో పెద్ద చదువు చదువుతోంది. టేపు రికార్డరు, బొమ్మల అట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. చిన్నపిల్లలకి బొమ్మ చూపించి ఇదేమిటి అని అడుగుతుంది, వాళ్ళు చెప్పింది ఆ పెట్టెలో పడుతుంది. మన ఇంటికొచ్చింది. "మా ఇంట్లో చిన్నపిల్లల్లేరు తల్లీ" అన్నాను. సరిగ్గా అప్పుడే నీ కూతురు కోడితో సహా దొడ్డి వెనకనించి ఊడిపడింది. "అది పక్కవాళ్ళ పిల్ల" అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ "మీ ముక్కే ఉంది మ్మా" అని వెళ్ళిపోయింది. దిది మాటలు పెట్టెలో పట్టుకెళ్ళి పట్నమంతా వినిపిస్తే ఏం కాను?

మ్మా కెనోసితో మాట్లాడాను. నూర్పిళ్ళు అయిపోగానే వస్తానంది. అప్పటికి మన జూన్ చలి పడుతుంది, పుండు త్వరగా మానుతుంది.

నన్ను తిట్టుకో. కానీ తల్లి దగ్గర లేని పిల్లకి ఏదో ఒకటి చెయ్యాల్సింది నేనే.

మీ అమ్మ

*

గబరోనే
మే చివర

అమ్మా,

ఈ ఉత్తరం టపాలో వెయ్యకుండా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. నీ చేతికే ఇమ్మని చెప్పాను.

నీకు చెప్పని మాటొకటుంది. క్రిస్మస్‌కి వచ్చానే, అన్నాళ్ళున్నా దిది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు గదిలో ఉంటే నీ గౌను పట్టుకుని నీతో మాట్లాడేది. నేను రాగానే నోరు మూసేది. నేను తెచ్చిన బిస్కెట్టు తీసుకుని, రెండు చేతులూ జోడించి, మోకాళ్ళు వంచి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. కొత్తవాళ్ళకి చేసినట్టు. నువ్వు పనిలో ఉండి గమనించలేదు. నేనూ చెప్పలేదు.

రోజంతా నా చెవిలో ఊరివాళ్ళ గొంతులన్నీ వింటాను. మా మాట కలపమ్మా అని మంత్రులు అడుగుతారు, తాగుబోతులు అడుగుతారు. నా కూతురి గొంతు మాత్రం నాకు తెలీదు. 'కొమో' అంటుందని నువ్వు రాస్తే తెలిసింది. 'లెటాటి' అని నువ్వు రాస్తే తెలిసింది. డ్యూటీలో నాలో నేను అనుకుని చూశాను, దాని గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ.

నువ్వడిగింది నిజమే. నువ్వు లేకపోతే దాని మాట నాకు అర్థం కాదు. అందుకే అడుగుతున్నాను. దాని నోట్లో బ్లేడు పెట్టకు. తప్పు పేరుదే అంటావా, పేరు మార్చేయ్. లొరాటో అని పెట్టు, నీ ఇష్టమొచ్చింది పెట్టు. నేను పాస్టరు గారికి కాగితం రాసిస్తాను. నాలుక మాత్రం కొయ్యకు.

నీ సెగమెట్సి

*

మొషుపా
జూన్, నూర్పిళ్ళయ్యాక

నా బిడ్డా,

ముందు అసలు సంగతి రాసేస్తాను, లేకపోతే నువ్వు చదువుతూ చదువుతూ గుండె ఆగి పడిపోతావు. కొయ్యలేదు.

ఇప్పుడు కూర్చుని చదువు.

నీ ఉత్తరం నూర్పిళ్ళ ఆఖరి రోజున వచ్చింది. డ్రైవరు కళ్ళంలోకే వచ్చి ఇచ్చాడు. పేరు వదులుకుంటానని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. నువ్వు పుట్టుమొండివి. నువ్వే ఆ మాట అన్నావంటే ఎంత భయపడి ఉంటావో అనుకున్నాను. క్రిస్మస్ సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. దాని గురించి ఏమీ రాయను, చేతకాదు.

అయినా మ్మా కెనోసికి మాటిచ్చేశాను కదా. వద్దని ఎలా చెప్పాలో తెలీలేదు. ఆవిడ పొద్దున్నే వచ్చేసింది, కొత్త బ్లేడు, ఉప్పు, గుడ్డపేలిక పట్టుకుని. వెనకాలే ఫెన్యో. నీళ్ళు కాయమంది. నేను పొయ్యి రాజేశాను. తడి కట్టెలు పెట్టాను. ఎందుకు పెట్టానో నన్నడగకు.

పొగ వస్తోంది, నీళ్ళు కాగడం లేదు. అంతలో సెతున్యా గోడ దగ్గర నిలబడి "కో కో" అని పిలిచింది. "మ్మా, మీ ముంగిట్లో గాలి చప్పుడు లేదు. ఇక్కడ కూర్చుని పిల్లల మాటలు పట్టుకోనా?" అంది. ఇంకోరోజైతే పొమ్మనేదాన్ని. ఆ రోజు మాత్రం చాప తెచ్చి వేశాను.

మ్మా కెనోసికి చెప్పాలా? "మా ఫెన్యోని ముందు కూర్చోబెట్టు! వాడు చెప్తాడు చూడు!" అని వాణ్ణి తోసింది. సెతున్యా ఒక్కో బొమ్మా చూపించింది. వాడు మేకంటే మేక అన్నాడు, వానంటే వాన అన్నాడు. ఆవిడ పక్కనించి "గట్టిగా చెప్పు! అయ్యగారిలా నిలబడి చెప్పు!" అని ఒకటే అదిలింపు. అంతా అయ్యాక సెతున్యా పెట్టె మీట నొక్కింది. పెట్టెలోంచి ఫెన్యో వచ్చాడు. చేపని 'త్లాపి' అనాల్సింది 'టాపి' అన్నాడు. రొట్టెని 'బొరోతో' అనాల్సింది 'బొలోతో' అన్నాడు.

మ్మా కెనోసి మొహం చూడాల్సింది నువ్వు. "ఆ పెట్టె పాడైపోయింది" అంది.

"లేదు మ్మా" అంది సెతున్యా.

"పాడైంది. దుమ్ము దూరి ఉంటుంది. మా వాడు అలా అనడు!"

సెతున్యా ఇంకాస్త తిప్పింది. ఈసారి పెట్టెలోంచి మ్మా కెనోసి అదిలింపే వచ్చింది, ఒక్కొక్క 'ర'కారమూ రేకుడబ్బాలో రాళ్ళు వేసి ఆడించినట్టు ఖణఖణా మోగుతూ. మరి పెట్టె పాడైతే ఆవిడ గొంతు అంత బాగా ఎలా వచ్చింది? ఆవిడ ఫెన్యోని తనే అడిగింది, "ఏదీ, రొట్టె అను" అని. "బొలోతో, అమ్మమ్మా" అన్నాడు వాడు, హాయిగా. ఇన్నాళ్ళూ అలాగే అంటున్నాడు. అలవాటైన చెవికి తప్పు వినబడదు మరి. నేను దిది మాట ఒక్కటే విన్నాను, భయంతో. ఆవిడ ఫెన్యో మాట వినలేదు, గర్వంతో.

అప్పటికి నీళ్ళు మరిగాయి.

నాకెక్కడినించి వచ్చిందో ధైర్యం, "మ్మా కెనోసీ, నీళ్ళు కాగాయి. ముందు మీ వాడి తాడు కోసెయ్. తర్వాత దిదిది కోద్దువుగాని" అన్నాను.

ఫెన్యో రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆవిడ వాడి వైపు చూసింది, బ్లేడు వైపు చూసింది. "వాడికింకా నాలుగైనా నిండలేదే. పసివాడు. వస్తుందిలే నెమ్మదిగా" అంది.

"దిదికి మూడే దాటాయి" అన్నాను.

ఆవిడ బ్లేడు మళ్ళీ కాగితంలో చుట్టి రవికలో పెట్టుకుంది. తర్వాత, "ఆ నీళ్ళల్లో టీ పొడి వెయ్యి. మరిగిన నీళ్ళు పారబోస్తావా ఏమిటి?" అంది.

టీ తాగాం. నేను సెతున్యాని అడిగాను, 'ర' ఎప్పుడొస్తుంది, 'త్లా' ఎప్పుడొస్తుంది అని. "అదే తెలుసుకుందామని తిరుగుతున్నాను మ్మా. నాకూ పూర్తిగా తెలీదు" అంది. "ఇంత చదివి తెలీదా?" అన్నాను. "మాకిచ్చిన పుస్తకాల్లో తెల్లవాళ్ళ పిల్లలే ఉన్నారు. మన 'త్లా' వాళ్ళ నోళ్ళల్లో ఉండదు కదా. మన పిల్లల్ని మనమే కూర్చుని వినాలి" అంది. నేరుగా తెలీదు అన్నందుకు ఆ పిల్ల నాకు నచ్చింది. దిదిని పిలిచాను. "పక్కవాళ్ళ పిల్ల కదా మ్మా" అంది ఆ గడుగ్గాయి సెతున్యా. దిది అన్ని బొమ్మలకీ చెప్పింది, చేప తప్ప. చేపని చూసి "ఇది బల్లి, కాళ్ళు విరిగాయి" అంది. మనూళ్ళో అది చేపనెక్కడ చూసింది?

అప్పటినించి నేను దాన్ని దాచడం లేదు. ఆటకి పంపి, నేనూ వెళ్ళి గోడవారగా ఎండలో కూర్చుంటున్నాను. బీన్సు ఒలుస్తున్నట్టు కూర్చుంటాను గానీ నా చెవులన్నీ పిల్లల మీదే. ఎంత విన్నానో చెప్పలేను. ఇప్పుడిప్పుడే నడిచేవాళ్ళ నోట మా, పా, బా, పెదాల మీది మాటలే. కాస్త పెద్దవాళ్ళకి నాలుక చివరివి. గొంతు లోపలివి ఆ తర్వాత. బడికి వెళ్ళబోయే పిల్లలకి అన్నీ ఉన్నాయి, వాళ్ళల్లో కూడా ఒకడు 'ర' దగ్గర ఇంకా జారుతున్నాడు. జొన్నకంకి చూశావుగా, కొసన మొదలుపెట్టి కిందకి పండుతుంది. పైన గింజ గట్టిపడినా కింద ఇంకా పాలే. కింద పాలున్నాయని కంకి కోసి పారేస్తామా? వాడలో పిల్లలందరూ ఇలాగే పండుతున్నారు, ఒక్కొక్కరూ ఒక్కోచోట. నేనే గింజ గింజకీ ఏడ్చాను.

పేరు అలాగే ఉండనీ. పాస్టరు గారితో నేను చెప్తాను. మొన్న మ్మా కెనోసి అంది, "మంచి పేరే పెట్టింది మీ అమ్మాయి, మాలాంటివాళ్ళకి కావాల్సిందే" అని.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ, నువ్వు క్రిస్మస్ మాట చెప్పాక నేను దాచకూడదు. పోయిన వారం ఆవులు చేను గట్టు దాటి వస్తుంటే దిది వాటిని అదిలించడానికి పరిగెత్తింది. "ఖొమో!" అని అరిచింది. గొంతు గీరుకుని, శుభ్రంగా, నీలాగా నాలాగా. నేను వెనక్కి తిరిగి ఎవరి పిల్లా అని చూశాను. అప్పటినించి మళ్ళీ 'కొమో' అనలేదు. అడిగి చూశాను, "ఏదీ, ఇదివరకటిలా అనవే" అని. నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. అది పోయింది, సెగమెట్సీ. నువ్వు ఒక్కసారైనా వినలేదు.

'లెటాటి' ఉందింకా. 'ర' బదులు 'ల' ఉందింకా. కానీ ఈమధ్య దొడ్డి దగ్గర కూర్చుని, నాలుక అంగిటికి పెట్టి, బస్సు మిట్ట ఎక్కుతున్నట్టు చప్పుడు చేస్తోంది. ఉమ్మి తుంపర్లే ఎక్కువ. ఎన్నాళ్ళు పడుతుందో సెతున్యాకీ తెలీదు, నాకూ తెలీదు. ఈ డిసెంబరుకి నువ్వొచ్చేసరికి ఎవరో పెద్దపిల్ల నీకు దండం పెడుతుందేమో. నా బెంగ ఇప్పుడదే. ఒకటి పోతే ఒకటి.

మీ అమ్మ

*

గబరోనే
జూన్

అమ్మా,

శెలవు అడిగాను. ఇచ్చారో లేదో చూడకుండానే ఈ ముక్క రాస్తున్నాను, శుక్రవారం బస్సుకి వచ్చేస్తున్నాను. ఈసారి బిస్కెట్లు తీసుకురాను. నీతోపాటు గోడవారగా కూర్చుని బీన్సు ఒలుస్తాను. అది నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. ఫెన్యోతో మాట్లాడితే చాలు, వింటాను.

నేను వచ్చేదాకా దాన్ని ఆ బస్సు చప్పుడు చెయ్యనివ్వకమ్మా. ఏదో ఒకటి చేసి, శుక్రవారం దాకా 'ర' రానివ్వకు.

సెగమెట్సి